బ్రిటన్‌లో కౌన్సిల్ దగ్గర మీ వివరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు మారి సామాన్లు సర్దుకునేలోపే కౌన్సిల్ నుంచి, అంటే స్థానిక పాలక సంస్థ నుంచి, ఉత్తరం వస్తుంది. ట్యాక్స్ ఎవరి పేరు మీద, ఇంట్లో పెద్దవాళ్లు ఎంతమంది, ఎప్పటి నుంచి ఉంటున్నారు అని. అక్కడి నుంచి మొదలయ్యే సందేహాలకు జవాబులివి. ఇంగ్లండ్ కౌన్సిళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాం. స్కాట్లాండ్‌లో సమాచార హక్కు చట్టం, నిఘా చట్టం వేరు. వ్యక్తిగత డేటా చట్టం మాత్రం బ్రిటన్ అంతటికీ ఒకటే.

నా గురించి కౌన్సిల్ దగ్గర ఏమేమి ఉంటాయి?

అన్నీ ఒకే ఫైల్లో ఉండవు. ముందు తెలుసుకోవాల్సింది ఇదే. కౌన్సిల్ ట్యాక్స్ వాళ్ల దగ్గర పేరు, అడ్రసు, ఇంట్లోకి దిగిన తేదీ, బ్యాంకు డైరెక్ట్ డెబిట్ వివరాలు ఉంటాయి. స్కూల్ అడ్మిషన్ల వాళ్ల దగ్గర పిల్లల పుట్టిన తేదీ, మీరు కోరిన స్కూళ్లు ఉంటాయి. పార్కింగ్ పర్మిట్, లైబ్రరీ కార్డు, హౌసింగ్, సోషల్ కేర్, ఇలా ఒక్కో విభాగానికి ఒక్కో సాఫ్ట్‌వేర్ ఉంటుంది. చాలా కౌన్సిళ్లలో అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ట్యాక్స్ వాళ్లకు అడ్రసు మారిందని చెప్పినంత మాత్రాన పార్కింగ్ వాళ్లకు తెలుస్తుందనుకోవద్దు.

ఇంకో మెలిక ఉంది. ఓటర్ల జాబితా చూసే ఎలక్టోరల్ రిజిస్ట్రేషన్ ఆఫీసర్ కూర్చునేది కౌన్సిల్ భవనంలోనే అయినా, చట్టం దృష్టిలో ఆ డేటాకు ఆయన విడిగా బాధ్యుడు. మీరు సమస్య చెప్పుకున్న కౌన్సిలర్ కూడా అంతే, ఆ కేసు వరకు ఆయన బాధ్యత ఆయనదే. కౌన్సిల్‌కు పెట్టిన దరఖాస్తు వీళ్లిద్దరి దగ్గరున్న కాగితాలను తెచ్చిపెట్టదు.

నా అనుమతి లేకుండా ఇవన్నీ ఎలా పెట్టుకుంటారు?

చాలావాటికి మీ అనుమతి అక్కర్లేదు. వ్యక్తిగత డేటా చట్టమైన యూకే జీడీపీఆర్ ఆరో అధికరణంలో పలు ఆధారాలున్నాయి. అనుమతి వాటిలో ఒకటి మాత్రమే. కౌన్సిల్ ఎక్కువగా ఆధారపడేది మరో రెంటి మీద: చట్టం అప్పగించిన పని, చట్టం విధించిన బాధ్యత. 1992 నాటి లోకల్ గవర్నమెంట్ ఫైనాన్స్ చట్టం ట్యాక్స్ వసూలు చేయమంటోంది, కాబట్టి ఎవరుంటున్నారో అడుగుతారు. అనుమతి అడిగేది వార్తల ఈమెయిళ్లు, స్కూల్ కార్యక్రమంలో తీసిన ఫొటోల వంటి వాటికే.

అందుకే "నా డేటా వాడొద్దు, అనుమతి ఉపసంహరించుకుంటున్నాను" అని ఉత్తరం రాస్తే, ఇది అనుమతి మీద నడిచేది కాదని మర్యాదగా జవాబొస్తుంది. చూపించమని అడగడం, తప్పుంటే దిద్దించడం, వాడకానికి అభ్యంతరం చెప్పడం అనే మూడు దారుల్లో వెళ్తే పని అవుతుంది.

పూర్తిగా తీసేయమని అడగొచ్చా?

అడగొచ్చు. చట్టబద్ధమైన పనికి ఇంకా అవసరమైతే నిరాకరిస్తారు. ఎంతకాలం ఉంచుతారన్నది రికార్డును బట్టి మారుతుంది. అప్పుల వసూలుకు చట్టం ఇచ్చే గడువు ఆరేళ్లు కాబట్టి డబ్బు లెక్కలను చాలా కౌన్సిళ్లు ఆ మేరకు ఉంచుతాయి. కౌన్సిల్ సంరక్షణలో పెరిగిన పిల్లల ఫైళ్లు వాళ్లు పుట్టినప్పటి నుంచి 75 ఏళ్లు, దత్తత ఫైళ్లు దత్తత ఉత్తర్వు నుంచి 100 ఏళ్లు ఉంచాలి. ఈ పిల్లలు పెద్దయ్యాక తమ మూలాలు వెతుక్కునేది ఆ కాగితాల్లోనే కాబట్టి ఈ గడువును తప్పుపట్టలేం. మీ విషయంలో గడువెంతో తెలియాలంటే కౌన్సిల్ వెబ్‌సైట్లో "రిటెన్షన్ షెడ్యూల్" అని వెతకండి.

స్టూడెంట్‌గా ట్యాక్స్ మినహాయింపుకు పాస్‌పోర్టు, వీసా పంపాలా?

మామూలుగా అక్కర్లేదు. యూనివర్సిటీ ఇచ్చే కౌన్సిల్ ట్యాక్స్ సర్టిఫికెట్ చాలు. కోర్సు మొదలు, ముగింపు తేదీలు, ఫుల్‌టైం అన్న మాట అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. అవసరానికి మించి పంపిన పాస్‌పోర్టు కాపీ కూడా మీ ఫైల్లోకే చేరుతుంది.

చిక్కు వచ్చేది షేరింగ్ ఇళ్లలో. అందరూ స్టూడెంట్లయితే పూర్తి మినహాయింపు. ఒకరి కోర్సు అయిపోయి ఉద్యోగంలో చేరితే, ఆ ఒక్కరే లెక్కలోకి వచ్చి 25 శాతం తగ్గింపుతో బిల్లు వస్తుంది. ఖాళీ చేసి వెళ్లినవాళ్ల పేర్లు ఖాతాలో అలాగే ఉండిపోవడం చాలా మామూలు. వెళ్లేవాళ్లు వెళ్లిన తేదీ, కొత్త అడ్రసు తామే రాసి పంపాలి. ఇంటి యజమాని చెబుతాడులే అని వదిలేస్తే, రిమైండర్లు పాత అడ్రసుకే వెళ్తాయి. కోర్టు సమన్లూ అక్కడికే వెళ్తాయి.

కౌన్సిల్ రికార్డులను ఇతర జాబితాలతో సరిచూస్తారని తెలిసుండటం మంచిది. నేషనల్ ఫ్రాడ్ ఇనిషియేటివ్ పేరుతో 2014 నాటి లోకల్ ఆడిట్ చట్టం కింద, ఒంటరిగా ఉంటున్నామని తగ్గింపు తీసుకున్నవాళ్ల జాబితాను ఓటర్ల జాబితాతో పోలుస్తారు. దీనికి మీ అనుమతి అక్కర్లేదు. ఆ ఇంట్లో రెండో ఓటరు కనిపిస్తే మీకో ఉత్తరం వస్తుంది. అది నేరారోపణ కాదు, ప్రశ్న మాత్రమే. గడువులోగా జవాబివ్వండి.

నా పేరు ఒక్కోచోట ఒక్కోలా ఉంది. ఏం చేయాలి?

తెలుగువాళ్లకు ఇక్కడ ఎక్కువగా తగిలే తలనొప్పి ఇదే. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. పాస్‌పోర్టులో ఒక గడిలో, యూనివర్సిటీలో ఇంకో గడిలో, కౌన్సిల్ ఫారంలో మూడోరకంగా పడుతుంది. కొందరికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. ఓటరుగా నమోదయ్యేటప్పుడు పేరు, పుట్టిన తేదీ, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ప్రభుత్వ రికార్డుతో సరిపోలాలి. పేరు ముందువెనకలైతే పోలిక కుదరక, గుర్తింపు పత్రాలు పంపమని అడుగుతారు.

దిద్దించుకునే హక్కు జీడీపీఆర్ 16వ అధికరణం కింద ఉంది, గడువు ఒక నెల. పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం అక్షరం అలాగే రాసి, "ఇంటిపేరు గడిలో ఇది, మొదటి పేరు గడిలో ఇది" అని విడివిడిగా చెప్పండి. ఒకే రోజు ట్యాక్స్, ఎలక్టోరల్, స్కూల్ విభాగాలు మూడింటికీ పంపండి. ఒకరికి పంపితే అందరిదీ మారదు.

భారత పౌరుణ్ని, నాకు ఓటెందుకు? నమోదైతే పేరు బజారున పడదా?

భారత్ కామన్వెల్త్ దేశం కాబట్టి, ఇక్కడ ఉండే అనుమతి ఉన్న భారతీయులు ఓటరుగా నమోదు కావచ్చు. పేరు బజారున పడుతుందా లేదా అన్నది ఒక్క టిక్కు మీద ఉంది.

జాబితాలు రెండు. పూర్తి జాబితా ఎన్నికలకు, జ్యూరీ ఎంపికకు, నేర నివారణకు, క్రెడిట్ సంస్థలకు వెళ్తుంది. దాన్ని ఎవరైనా చూడొచ్చు కానీ సిబ్బంది పర్యవేక్షణలోనే, చేత్తో నోట్సు రాసుకోవడం తప్ప జిరాక్సు తీయకూడదు. రెండోది ఓపెన్ రిజిస్టర్. దీన్ని డబ్బు కట్టి ఎవరైనా కొనుక్కోవచ్చు. మీ అడ్రసుకు వచ్చే ప్రకటనల్లో కొన్ని అక్కడి నుంచే వస్తాయి. ఆన్‌లైన్ ఫారంలో ఓపెన్ రిజిస్టర్‌లో ఉండాలా వద్దా అని అడిగే చోట వద్దనండి. మర్చిపోతే తర్వాత ఎప్పుడైనా పేరు, పూర్తి అడ్రసుతో ఎలక్టోరల్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టొచ్చు. అంతకుముందే కొన్నవాళ్ల దగ్గరున్న కాపీలు మాత్రం వెనక్కి రావు.

ఓపెన్ రిజిస్టర్ నుంచి తప్పుకుంటే క్రెడిట్ స్కోర్ పడిపోతుందన్న మాట తప్పు. క్రెడిట్ సంస్థలకు వెళ్లేది పూర్తి జాబితా. వేధింపుల నుంచి తప్పించుకుని వచ్చినవాళ్లకు పేరు, అడ్రసు కనపడకుండా అజ్ఞాత నమోదు అనే వేరే ఏర్పాటు ఉంది, దానికి కోర్టు ఉత్తర్వో పోలీసు వంటి అధికారుల ధ్రువీకరణో కావాలి.

నా ఫైల్లో ఏముందో చూడాలంటే?

దీన్ని సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ అంటారు. పొట్టిగా ఎస్ఏఆర్, ఆఫీసుల్లో కొందరు దాన్ని పలికేది మన చెవికి "సార్" అన్నట్టే ఉంటుంది. ఫీజు లేదు. ప్రత్యేక ఫారం నింపాలన్న నిబంధన లేదు. ఈమెయిల్, ఉత్తరం, చివరికి ఫోన్‌లో అడిగినా చెల్లుతుంది. అయినా ఈమెయిలే మేలు, తేదీకి సాక్ష్యం ఉంటుంది.

ఎలా అడుగుతారన్న దాని మీదే వచ్చేది ఆధారపడుతుంది. "నా గురించి ఉన్నవన్నీ ఇవ్వండి" అంటే పదిహేను విభాగాల్లో వెతకాలి, వాళ్లు వివరణ అడుగుతారు, ఆలస్యమవుతుంది. దానికి బదులు ఇలా రాయండి: "2023 మార్చి నుంచి 2024 జూన్ దాకా, ఈ అడ్రసులోని రిపేర్ల గురించి హౌసింగ్ విభాగం దగ్గర నా పేరున ఉన్న కేస్ నోట్సు, లోపలి ఈమెయిళ్లు, టీమ్స్ చాట్లు, కాల్ రికార్డింగులు." ట్యాక్స్ అకౌంట్ నంబరో, రిపేర్ రెఫరెన్సో జతచేయండి. "కేస్ నోట్సు" అన్న మాట మరవొద్దు. ఉత్తరాల్లో మర్యాదగా ఉండేదంతా అక్కడ ఉన్నదున్నట్టు ఉంటుంది.

గడువు ఒక క్యాలెండర్ నెల. సెప్టెంబర్ 3న అందితే అక్టోబర్ 3 లోపు ఇవ్వాలి. జనవరి 31న అందితే ఫిబ్రవరి ఆఖరి రోజు. ఆ రోజు సెలవైతే మరుసటి పనిదినం. క్లిష్టమైనదైతే ఇంకో రెండు నెలలు పొడిగించొచ్చు, కానీ ఆ సంగతి మొదటి నెలలోనే మీకు చెప్పాలి. నిజంగా అనుమానం ఉండి గుర్తింపు అడిగితే, అది అందిన రోజు నుంచే గడువు లెక్క. అందుకే మొదటి ఈమెయిల్‌తోనే ఒక గుర్తింపు పెట్టేయడం తెలివైన పని. కాపీ మీద అడ్డంగా "ఎస్ఏఆర్ కోసం మాత్రమే" అని తేదీతో రాయండి.

వచ్చిన కాగితాల్లో నల్లగా కొట్టేసిన చోట్లుంటాయి. ఇతరుల పేర్లు, లాయర్ల సలహాలు తీసేస్తారు. మీ మీద ఫిర్యాదు చేసిన పొరుగువారి పేరు సాధారణంగా ఇవ్వరు, ఫిర్యాదు సారాంశం ఇవ్వొచ్చు. ఏ మినహాయింపు కింద కొట్టేశారో చెప్పకపోతే అడగండి. పొరపాటున వేరేవాళ్ల కాగితాలు మీ కవరులో వస్తే వెంటనే చెప్పి వెనక్కిచ్చేయండి. వాట్సాప్‌లో పంచుకుంటే అప్పుడు ఇబ్బంది మీది.

ఇంకో పొరపాటు: సొంత ఫైలును సమాచార హక్కు చట్టం కింద అడగడం. ఆ చట్టం కౌన్సిల్ ఎలా నడుస్తోందో తెలుసుకోవడానికి, దాని గడువు 20 పనిదినాలు. మీ సొంత డేటాకు అందులో మినహాయింపు ఉంది.

వివరాలు ఎక్కువగా ఎక్కడ జారిపోతాయి?

హ్యాకర్ల కంటే ముందు, ఒక చిన్న అజాగ్రత్త దగ్గర. కెన్సింగ్టన్ అండ్ చెల్సీ కౌన్సిల్‌ను ముగ్గురు జర్నలిస్టులు ఖాళీ ఇళ్ల లెక్కలు అడిగారు. కౌన్సిల్ ఎక్సెల్‌లో పివట్ టేబుల్ (పెద్ద జాబితాను అంకెల్లోకి కుదించి చూపే పట్టిక) పంపింది. చూడ్డానికి అంకెలే. ఒక అంకె మీద రెండుసార్లు క్లిక్ చేస్తే దాని వెనకున్న షీటు తెరుచుకుంది, అందులో 943 మంది యజమానుల పేర్లున్నాయి. 2018లో 1,20,000 పౌండ్ల జరిమానా పడింది. అంకెల్ని విడి షీటులోకి విలువలుగా అతికించి పంపితే సరిపోయేది.

బాసిల్డన్‌లో ఇంకోరకం. ప్లానింగ్ దరఖాస్తుకు జతచేసిన ఒక కుటుంబం ఆరోగ్య వివరాలను 2015లో యథాతథంగా వెబ్‌సైట్లో పెట్టేశారు. అనుభవం లేని ఉద్యోగి గమనించలేదు, రెండో కన్ను పడలేదు. కొన్ని వారాలు అలాగే ఉండిపోయాయి. 2017లో 1,50,000 పౌండ్లు కట్టారు. న్యూహామ్ కౌన్సిల్, గ్యాంగులవాళ్లని పోలీసులు అనుమానించినవారి జాబితాను 203 మంది పేర్లు దాచకుండా 44 మందికి ఈమెయిల్ చేసి, 2019లో 1,45,000 పౌండ్లు కట్టింది.

హ్యాకింగ్ సంగతికొస్తే, 2020 అక్టోబరులో లండన్‌లోని హ్యాక్నీ కౌన్సిల్ మీద రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే) దాడి జరిగింది. ఎవరూ వాడని పాత ఖాతా ఒకటి సర్వర్లకు తగిలించి ఉంది, పాస్‌వర్డ్ బలహీనం. అదే దారి అయింది. 4,40,000 ఫైళ్లు తెరుచుకోకుండా పోయాయి, కనీసం 2,80,000 మందిపై ప్రభావం పడింది. 2024 జులైలో ఐసీవో మందలింపు మాత్రమే ఇచ్చింది. ఐసీవో అంటే డేటా చట్టాన్ని అమలు చేయించే ఇన్ఫర్మేషన్ కమిషనర్ ఆఫీసు. జరిమానా ఎందుకు వేయలేదంటే, 2022 నుంచి ప్రభుత్వ సంస్థలకు జరిమానాలు తగ్గించే పద్ధతి పాటిస్తోంది. ఆ డబ్బు చివరికి జనం కట్టిన ట్యాక్సే కదా అన్నది వాదన. వాదనలో నిజముంది, కానీ మందలింపు కాగితం ఒక్కటే అయితే పాత ఖాతాలు మూసేయాలన్న తొందర ఎంతమందికి పుడుతుందన్నది మా అనుమానం.

నా వివరాలు పోయాయని కౌన్సిల్ ఉత్తరం రాసింది. ఇప్పుడేం చేయాలి?

ప్రజలకు ప్రమాదం ఉన్న లీకేజీ తెలిసిన 72 గంటల్లో ఐసీవోకు చెప్పాలి. ప్రమాదం ఎక్కువైతే మీకూ ఆలస్యం లేకుండా చెప్పాలి. ఆ ఉత్తరంలో సరిగ్గా ఏ వివరాలు పోయాయో రాయకపోతే మొదటి పని అది అడగడం. పేరు, అడ్రసు పోవడం వేరు; బ్యాంకు వివరాలు పోవడం వేరు. బ్యాంకు వివరాలైతే బ్యాంకుకు చెప్పి డైరెక్ట్ డెబిట్లు చూసుకోండి, క్రెడిట్ రిపోర్టు తెప్పించుకోండి. కౌన్సిల్ పోర్టల్ పాస్‌వర్డునే ఇంకెక్కడైనా వాడి ఉంటే అక్కడా మార్చండి.

తర్వాత కొన్ని నెలలు "కౌన్సిల్ ట్యాక్స్ రీఫండ్ ఉంది, కార్డు నంబరు చెప్పండి" అనే కాల్స్ పెరగొచ్చు. కాల్ పెట్టేసి, బిల్లు మీదున్న నంబరుకు మీరే చేయండి. మోసపు మెసేజీలను 7726కు ఫార్వర్డ్ చేయండి.

స్కూల్ సీటు కోసం ఇచ్చిన అడ్రసును ఎంత లోతుగా తనిఖీ చేస్తారు?

ట్యాక్స్ రికార్డుతో పోల్చడం మామూలే. ఫారంతో వచ్చే ప్రైవసీ నోటీసులో ఆ మాట ఉంటుంది. వెంటపడి చూడటం మాత్రం వేరే సంగతి. 2008లో పూల్ బరో కౌన్సిల్ ఒక కుటుంబం స్కూల్ పరిధిలోనే ఉంటోందా అని దాదాపు మూడు వారాలు రహస్యంగా వెంటాడింది. ఆ నిఘా చట్టవిరుద్ధమని 2010లో ట్రిబ్యునల్ తేల్చింది. 2012 నవంబర్ 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్ కౌన్సిళ్లు అలాంటి రహస్య నిఘాకు మేజిస్ట్రేట్ ఆమోదం తీసుకోవాలి, అదీ సాధారణంగా కనీసం ఆరు నెలల జైలు పడదగ్గ నేరాలకే.

పక్కింటివాళ్ల ఎక్స్‌టెన్షన్‌కు అభ్యంతరం రాస్తే నా పేరు బయటపడుతుందా?

చాలా కౌన్సిళ్లలో పడుతుంది. ప్లానింగ్ అభ్యంతరాలు పేరు, అడ్రసుతో పోర్టల్‌లో పెడతారు. ఫోన్ నంబరు, ఈమెయిల్, సంతకం తీసేయడం ఆనవాయితీ. అయినా అవి ఉత్తరం మధ్యలో రాస్తే తప్పిపోవచ్చు, అసలు రాయకండి. "మా అమ్మగారికి ఆస్తమా, దుమ్ము పడదు" వంటి ఆరోగ్య వివరాలు రాయాల్సి వస్తే విడి కాగితంలో, ప్రచురించొద్దని పైన రాసి పంపండి.

రిజిస్టర్ ఆఫీసులో పెళ్లి నోటీసు కూడా ఇలాంటిదే: పేరు, వయసు, వృత్తి, పౌరసత్వం 28 రోజులు బయట ప్రదర్శిస్తారు. గుడిలో సంప్రదాయంగా చేసుకున్నా, చట్టబద్ధత కోసం ఈ మెట్టు ఎక్కే జంటలు ముందే తెలుసుకోవడం మంచిది.

సీసీటీవీ ఫుటేజీ దొరుకుతుందా?

మీరున్న భాగం అడగొచ్చు, కానీ పరుగెత్తాలి. చాలాచోట్ల సుమారు నెల రోజులకు దానంతటదే చెరిగిపోతుంది. తేదీ, పావుగంట అటూఇటూగా సమయం, ఏ వీధి మలుపు, మీ బట్టల రంగు రాసి, చెరపకుండా భద్రపరచమని ఆ రోజే ఈమెయిల్ పెట్టండి. కారు గీసుకుపోయిన కేసైతే ఇన్సూరెన్స్ కంపెనీ, పోలీసులు అడిగితే తొందరగా పనవుతుంది.

కౌన్సిల్ నా వీసా సంగతి హోం ఆఫీసుకు చెబుతుందా?

ట్యాక్స్ కట్టడం, చెత్తబుట్ట అడగడం వంటి వాటికి వీసాతో పనిలేదు. సహాయం అడిగినప్పుడు మాత్రం అర్హత తేల్చుకోవడానికి హోం ఆఫీసుతో సరిచూస్తారు. ఇక్కడ తేడా గమనించండి: స్టూడెంట్ మినహాయింపు, ఒంటరివాళ్లకిచ్చే 25 శాతం తగ్గింపు "పబ్లిక్ ఫండ్స్" కావు. తక్కువ ఆదాయం వల్ల ఇచ్చే కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ మాత్రం పబ్లిక్ ఫండ్స్ కిందికి వస్తుంది. పబ్లిక్ ఫండ్స్ తీసుకోకూడదన్న నిషేధం మీ వీసాలో ఉంటే ఆ రిడక్షన్‌కు దరఖాస్తు పెట్టకండి. హౌసింగ్‌వాళ్లు షేర్ కోడ్ అడిగితే అది 90 రోజులు పనిచేస్తుంది, పుట్టిన తేదీ తెలిసినవాళ్లెవరైనా దాంతో మీ వీసా స్థితి చూడగలరు. ఫ్లాట్‌మేట్ల గ్రూపులో పెట్టకండి.

గడువు దాటింది, జవాబు లేదు. ఎవరికి చెప్పాలి?

ముందు కౌన్సిల్ డేటా ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు. ప్రతి కౌన్సిల్‌కూ ఒకరు ఉండి తీరాలి, ఈమెయిల్ ప్రైవసీ నోటీసు అడుగున ఉంటుంది. మొదట పంపిన తేదీ, రెఫరెన్సు, దాటిన గడువు మూడు వాక్యాల్లో రాయండి. 2025 నాటి కొత్త డేటా చట్టం ప్రకారం 2026 జూన్ 19 నుంచి డేటా ఫిర్యాదు అందినట్టు 30 రోజుల్లోగా తెలియజేయాలి. అక్కడా కదలకపోతే ఐసీవోకు వెళ్లండి, కౌన్సిల్‌తో చివరిసారి ఉత్తరప్రత్యుత్తరాలు జరిగిన మూడు నెలల్లోపు. హెల్ప్‌లైన్ 0303 123 1113. ఐసీవో నష్టపరిహారం ఇప్పించలేదు. డబ్బు కావాలంటే కోర్టుకే వెళ్లాలి, అక్కడ నష్టం చూపించాలి.

హైదరాబాద్ తిరిగొచ్చేశాను. ఇప్పుడు అడగొచ్చా?

అడగొచ్చు. ఈ హక్కుకు పౌరసత్వంతోగానీ ప్రస్తుత నివాసంతోగానీ సంబంధం లేదు. అక్కడ వాడిన ఈమెయిల్ నుంచే రాస్తే గుర్తింపు తేలిక. పాత అడ్రసు, ఉన్న తేదీలు, ట్యాక్స్ అకౌంట్ నంబరు ఇవ్వండి. కాగితాలు పోస్టులో కాకుండా సురక్షిత లింకుగా పంపమని మొదటి ఈమెయిల్‌లోనే అడగండి. ఆ లింకులు కొన్నిరోజులకే మూసుకుపోతాయి కాబట్టి వచ్చిన రోజే దించుకోండి.